అవమానాన్ని కొలవడం: డెట్రాయిట్‌లో డేవిడ్ విలియమ్స్ అడిగిన ప్రశ్నలు

డెట్రాయిట్ నగరం ఉత్తరపు అంచున, ఎయిట్ మైల్ రోడ్డుకు కాస్త దిగువన, ఇళ్ళ పెరళ్ళ వెనకగా ఒక కాంక్రీటు గోడ సాగుతుంది. ఎత్తు ఆరడుగులు, మందం ఒక అడుగు, పొడవు సుమారు అర మైలు. 1941లో ఒక బిల్డరు దాన్ని కట్టించాడు. తెల్లవాళ్ళ కోసం అతను వేయబోయే కాలనీని ఆనుకుని నల్లజాతీయుల ఇళ్ళు ఉన్నందువల్ల అక్కడి గృహరుణాలకు పూచీ ఉండలేమని ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ చెప్పింది. మధ్యలో గోడ కడతానని అతను ఒప్పుకున్నాక అదే సంస్థ సరేనంది. ఆ గోడ ఇవాళ్టికీ ఉంది. 2006లో స్థానికులు, కళాకారులు కలిసి కొంత మేర దానిమీద రంగుల బొమ్మలు వేశారు. ఇప్పుడు దానికి రెండు వైపులా ఉంటున్నది ఎక్కువగా నల్లజాతీయులే.

గోడ కట్టిన 54 ఏళ్ళకు, 1995లో, మిషిగన్ విశ్వవిద్యాలయం సర్వే బృందాలు డెట్రాయిట్ ఉన్న వేన్ కౌంటీలోను, పక్కనున్న ఓక్లాండ్, మకోంబ్ కౌంటీల్లోను సుమారు 1,100 మందిని కలిసి మాట్లాడాయి. డెట్రాయిట్ ఏరియా స్టడీ పేరుతో 1951లో మొదలై ఏటేటా సాగుతూ వచ్చిన సర్వే అది. ఆ ఏడాది ప్రశ్నావళిని రూపొందించడంలో ముఖ్యపాత్ర వహించిన సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ ఆర్. విలియమ్స్ అందులో కొన్ని చిన్న ప్రశ్నలు చేర్చారు. మిగతావాళ్ళకు ఇచ్చే మర్యాద మీకు ఇవ్వడం లేదని ఎంత తరచుగా అనిపిస్తుంది? హోటల్లోనో దుకాణంలోనో మిమ్మల్ని వేరేవాళ్ళకన్నా చిన్నచూపు చూస్తారా? మీకు తెలివి తక్కువన్నట్టు, మీరు నిజాయితీపరులు కారన్నట్టు, మిమ్మల్ని చూస్తే భయమన్నట్టు ప్రవర్తిస్తారా? తిట్టుపేర్లతో పిలుస్తారా? బెదిరిస్తారా? మొత్తం తొమ్మిది ప్రశ్నలు. దాదాపు ప్రతిరోజూ అన్న జవాబు నుంచి ఎప్పుడూ లేదన్న జవాబు వరకు ఏదో ఒకటి ఎంచుకోవాలి.

ఈ తొమ్మిదింటిలో ఎక్కడా జాతి ప్రస్తావన లేదు. ఇలా జరిగిందని చెప్పినవారిని ఆ తర్వాత మాత్రమే, దీనికి ప్రధాన కారణం ఏమై ఉంటుందని అడిగారు: జాతి, లింగం, వయసు, బరువు, ఆదాయం, మరేదైనా. ఈ వరస వెనక చాలా ఆలోచన ఉంది. నల్లవాళ్ళన్న కారణంతో మిమ్మల్ని అవమానిస్తున్నారా అని మొదటే అడిగితే, అవునని చెప్పడానికి ఇష్టపడనివారు మౌనంగా ఉండిపోతారు, అంతా ఆ కళ్ళద్దాల్లోంచే చూడడానికి సిద్ధపడినవారు ఎక్కువ చేసి చెప్పవచ్చు, తెల్లవారికైతే ప్రశ్నే తమది కాదనిపిస్తుంది. జరిగినదాన్ని ముందు అడిగి కారణాన్ని తర్వాత అడగడం వల్ల అందరికీ ఒకే కొలత దొరికింది. నెదర్లాండ్స్‌లో సురినామ్ మూలాలున్న నల్లజాతి స్త్రీలతోను, అమెరికాలోని నల్లజాతి స్త్రీలతోను ఫిలోమెనా ఎసెడ్ జరిపిన సుదీర్ఘ సంభాషణలు విలియమ్స్‌కు ఇందులో ఆధారం. ఎసెడ్ రాసుకున్న కథనాల్లోని అనుభవాలను ఆయన అంకెలు వేయగల ప్రశ్నలుగా మార్చారు.

సోషల్ ఎపిడెమియాలజీ అనే ఈ రంగం పని చెప్పుకోవడానికి సులభమే: ఒక జబ్బు సమాజంలో ఎవరిని, ఎక్కడ, ఎందుకు ఎక్కువగా పట్టుకుంటుందో వెతకడం. కష్టమంతా ‘ఎందుకు’ దగ్గర వస్తుంది. పొగాకు, కొవ్వు, చక్కెర కొలవగలం. వివక్ష చాలాకాలం పాటు మనస్సాక్షికి, కోర్టులకు, చర్చి ప్రసంగాలకు సంబంధించిన విషయంగా ఉండిపోయింది. దాన్ని పొగాకు పక్కన, అదే పట్టికలో, అదే పద్ధతిలో పెట్టి లెక్కకట్టవచ్చని చూపడం విలియమ్స్ జీవితకృషిలో మొదటి సగం. నా అంచనాలో రెండో సగం ఇంకా పెద్దది: అవమానం ఎదురుకాని రోజున కూడా మనిషిని కుంగదీసే గోడలను, అంటే ఎవరు ఎక్కడ ఉండాలో నిర్ణయించిన నగర నిర్మాణాన్ని, జబ్బుకు మూలకారణంగా నిలబెట్టడం. మొదటిదాన్ని ప్రపంచం ఇష్టంగా అందిపుచ్చుకుంది. రెండోదాన్ని ఒప్పుకుని ఊరుకుంది.

విలియమ్స్ పుట్టింది కరీబియన్ ద్వీపం అరూబాలో, పెరిగింది సెయింట్ లూసియాలో. ట్రినిడాడ్‌లో వేదాంతం చదువుకున్నారు. అమెరికా వచ్చి ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో దైవశాస్త్రంలో, లోమా లిండాలో ప్రజారోగ్యంలో పట్టాలు పుచ్చుకుని, 1986లో మిషిగన్‌లో సామాజిక శాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తి చేశారు. యేల్‌లో ఆరేళ్ళు పనిచేసి 1992లో మిషిగన్‌కు తిరిగివచ్చారు. 2006 నుంచి హార్వర్డ్‌లో ఉన్నారు. మత బోధకుడి శిక్షణ ఉన్న మనిషి ప్రజారోగ్యంలోకి రావడం కొందరికి వింతగా తోచవచ్చు కానీ, ఆయన ప్రసంగాలు విన్నవారికి ఆ రెండింటి మధ్య అతుకు కనిపించదు. అమెరికాలో నల్లవారి ఆరోగ్యం తెల్లవారితో సమానంగా ఉండి ఉంటే రోజుకు 200 మందికి పైగా నల్లజాతీయులు చనిపోకుండా బతికి ఉండేవారని ఆయన పదేపదే చెబుతారు. ప్రతిరోజూ ఒక విమానం కూలుతున్నట్టుగా వినమంటారు.

ఆయన పెరిగిన దీవి పేరు 1997లో అచ్చయిన మరొక పరిశోధనలో కనిపిస్తుంది. షికాగోలోని లయోలా విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ కూపర్ బృందం పశ్చిమ ఆఫ్రికాలోని నైజీరియా, కామెరూన్‌లలోను, కరీబియన్‌లోని జమైకా, సెయింట్ లూసియా, బార్బడోస్‌లలోను, షికాగో శివారు మేవుడ్‌లోను ఒకే పద్ధతిలో రక్తపోటు కొలిచింది. వీరందరి పూర్వికులు పశ్చిమ ఆఫ్రికావారే. రక్తపోటు జబ్బు పశ్చిమ ఆఫ్రికాలో 16 శాతం మందికి, కరీబియన్‌లో 26 శాతం మందికి, అమెరికాలో 33 శాతం మందికి ఉన్నట్టు తేలింది. నల్లవారి రక్తంలోనే బీపీ ఉందని వైద్య కళాశాలల్లో తరాల తరబడి నేర్పిన మాటకు ఇది గట్టి దెబ్బ. అదే ఏడాది షికాగో వైద్యులు రిచర్డ్ డేవిడ్, జేమ్స్ కాలిన్స్ ఇల్లినాయ్ రాష్ట్రపు జనన రికార్డులు తిరగేసి మరో సంగతి బయటపెట్టారు. ఆఫ్రికాలో పుట్టి అమెరికా వచ్చిన నల్లజాతి తల్లుల బిడ్డల బరువు అమెరికా తెల్లవారి బిడ్డల బరువుకే దగ్గరగా ఉంది. అమెరికాలో పుట్టిన నల్లజాతి తల్లుల బిడ్డలే తక్కువ బరువుతో పుడుతున్నారు. తర్వాత 2002లో వారే ఇంకో తరం ముందుకు వెళ్ళి చూశారు. వలస వచ్చిన ఆఫ్రికన్ స్త్రీల కూతుళ్ళు అమెరికాలో పెరిగి తల్లులయ్యేసరికి, వారి బిడ్డల బరువు అక్కడి నల్లజాతి బిడ్డల బరువు వైపు దిగజారింది. ఒక్క తరంలో జన్యువులు మారవు.

జబ్బు రక్తంలో ఉందా, బతికే పరిస్థితుల్లో ఉందా అన్న ఈ వాదం పాతదే. 1896లో ప్రుడెన్షియల్ బీమా కంపెనీ గణాంకవేత్త ఫ్రెడరిక్ హాఫ్‌మన్ నల్లజాతీయుల మరణాల రేటు చూపించి, అది వారి జాతి లక్షణమని, క్రమంగా ఆ జాతే అంతరించిపోతుందని రాశాడు. ఆ ఏడాదే ఫిలడెల్ఫియా ఏడో వార్డులో ఇంటింటి సర్వే మొదలుపెట్టిన నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యు.ఇ.బి. డుబోయ్ 1899లో దానికి అంకెలతోనే జవాబు చెప్పాడు: ఇరుకు ఇళ్ళు, మురుగు, జీతాలు, పని దొరకకపోవడం, ఇవన్నీ ఆ మరణాల వెనక ఉన్నాయని. హాఫ్‌మన్ మాట బీమా కంపెనీలకు పనికొచ్చింది కాబట్టి త్వరగా వ్యాపించింది. డుబోయ్ సర్వేకు ప్రజారోగ్య చరిత్రలో తగిన చోటు దక్కడానికి ఒక శతాబ్దం పట్టింది. విలియమ్స్ డుబోయ్ దారిలో నడిచినవాడే. డుబోయ్ దగ్గర లేనిది, విలియమ్స్ దగ్గర ఉన్నది, అవమానానికి కొలబద్ద.

1995 సర్వే ఫలితాలను విలియమ్స్, యాన్ యు, జేమ్స్ జాక్సన్, నార్మన్ ఆండర్సన్ కలిసి 1997లో ప్రచురించారు. ఆ వ్యాసం చెప్పింది చెప్పినట్టు తీసుకోవడం అవసరం, ఎందుకంటే దాన్ని తర్వాత ఎన్నో చోట్ల ఒక పక్కకు లాగి వాడుకున్నారు. చదువు, మరీ ముఖ్యంగా ఆదాయం లెక్కలోకి తీసుకుంటే నల్లవారికీ తెల్లవారికీ ఆరోగ్యంలో ఉన్న తేడా బాగా తగ్గిపోయింది. పేదరికం ప్రభావం అంత బలమైనది. అయితే ఆ తేడా పూర్తిగా పోలేదు. మిగిలినదాన్ని వివరించడంలో రోజువారీ వివక్షకు, ఒత్తిడికి మరికొంత వాటా ఉంది. జాతి వివక్ష ఒక్కటే అన్నిటికీ కారణమని ఆ వ్యాసం అనలేదు, పేదరికం తీరితే అంతా సర్దుకుంటుందనీ అనలేదు. ఆర్థిక వివక్ష, మర్యాదలో వివక్ష ఒకదానితో ఒకటి ఎలా పెనవేసుకుంటాయో చూడాలంది.

చదువుకున్న నల్లవారి సంగతి ఈ చిక్కుముడిని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. కాలేజీ పట్టా ఉన్న నల్లజాతి తల్లుల బిడ్డలు ఏడాది నిండకుండా చనిపోయే రేటు, హైస్కూలు కూడా పూర్తి చేయని తెల్లజాతి తల్లుల బిడ్డల రేటు కన్నా ఎక్కువ. విలియమ్స్ ఈ వాస్తవాన్ని దాదాపు ప్రతి ప్రసంగంలోనూ చెబుతారు. చెప్పడంలో న్యాయం ఉంది. చదువుకుంటే బాగుపడతామన్నది ఎక్కడి పేదవారికైనా చివరి నమ్మకం. ఆ నమ్మకాన్ని నిలబెట్టుకుని, కష్టపడి చదివి, ఉద్యోగం సంపాదించిన తల్లికి కూడా బిడ్డ దక్కే అవకాశం తక్కువేనని తెలిసినప్పుడు, తప్పంతా మనుషుల అలవాట్లలోనే ఉందని చెప్పడం ఇక కుదరదు. ప్రసవంలో చనిపోయే తల్లుల లెక్కా ఇలాగే ఉంది: 2023లో అమెరికాలో లక్ష జననాలకు తెల్లజాతి తల్లులు 14.5 మంది, నల్లజాతి తల్లులు 50.3 మంది చనిపోయారు.

అవమానం ఒంట్లోకి ఎలా దిగుతుంది? ఈ ప్రశ్నకు చాలా జవాబులు మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచే వచ్చాయి. ఆర్లీన్ జెరోనిమస్ 1992లో ‘వెదరింగ్’ అనే మాట తెచ్చారు. ఎండకూ వానకూ అరిగిపోయే రాయిలా శరీరం వయసుకన్నా ముందే అరిగిపోతుందన్నది ఆమె భావన. నల్లజాతి స్త్రీలలో ఇరవయ్యో పడి దాటాక ఆరోగ్యం వేగంగా దిగజారుతుందని గమనించి ఆమె దీన్ని ప్రతిపాదించారు. దక్షిణ కెరొలైనాలో పుట్టిన షెర్మన్ జేమ్స్, అడ్డంకులన్నీ ఒంటరిగా, పళ్ళు బిగించి, రెక్కలు ముక్కలు చేసుకుని ఎదుర్కొనే మనుషుల్లో, ముఖ్యంగా చేతిలో డబ్బు లేనివారిలో, రక్తపోటు ఎలా పెరుగుతుందో పరిశోధించారు. టెనే లూయిస్ బృందం నల్లజాతి మధ్యవయసు స్త్రీలను ఏళ్ళ తరబడి గమనిస్తూ, విలియమ్స్ ప్రశ్నలకు వచ్చిన జవాబులను గుండె రక్తనాళాల స్కాన్‌లతో పోల్చింది. రోజువారీ వివక్ష దీర్ఘకాలం ఎదుర్కొన్నామని చెప్పినవారి నాళాల్లో కాల్షియం పేరుకోవడం ఎక్కువగా కనిపించిందని 2006లో ప్రకటించింది. మనం మామూలుగా ‘మనసుకు పెట్టుకోకు’ అంటాం. పెట్టుకోనివారి గుండె కూడా లెక్క రాసుకుంటూనే ఉంటుందని ఈ పరిశోధనలు చెబుతున్నాయి.

తొమ్మిది ప్రశ్నల కొలమానం ఖండాలు దాటింది. దక్షిణాఫ్రికాలో జాతీయ సర్వేలో వాడారు. అమెరికాలోని దక్షిణాసియావారి గుండె ఆరోగ్యంపై 2010లో శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతాల్లో 906 మందితో మొదలైన, ‘మసాలా’ (MASALA) అని పొట్టిపేరున్న అధ్యయనంలోనూ వివక్ష గురించి అడిగారు. ఇంత వ్యాప్తికి ఒక కారణం దాని నాణ్యత, మరో కారణం దాని సౌలభ్యం. అయిదు నిమిషాల్లో అయిపోతుంది. అయితే మనిషి గుర్తించి, గుర్తుపెట్టుకుని, చెప్పడానికి ఇష్టపడిన అవమానం మాత్రమే అందులో పడుతుంది. చుట్టూ తమవారే ఉన్న పేటలో పుట్టి పెరిగి, తెల్లవారిని అరుదుగా కలిసే మనిషికి రోజూ అవమానం ఎదురుకాకపోవచ్చు. కానీ ఆ పేటలో సూపర్‌మార్కెట్ లేదు, బడికి డబ్బు లేదు, చెట్టు నీడ లేదు, పక్కనే ఫ్యాక్టరీ పొగ. ఆ మనిషి తొమ్మిది ప్రశ్నలకూ లేదు అని నిజాయితీగా జవాబిచ్చి, అరవై ఏళ్ళకే గుండెపోటుతో పోవచ్చు.

విలియమ్స్‌కు ఈ సంగతి అందరికన్నా ముందే తెలుసు. 2001లో చిక్విటా కాలిన్స్‌తో కలిసి రాసిన వ్యాసంలో, నల్లవారిని విడిగా ఉంచిన నివాస విభజనే అమెరికాలో ఆరోగ్య అసమానతలకు మూలకారణమని సూటిగా చెప్పారు. బడి నాణ్యత ఇంటి చిరునామాతో, ఉద్యోగం బడితో, ఆదాయం ఉద్యోగంతో, ఆసుపత్రి ఆదాయంతో ముడిపడి ఉన్నాయి కాబట్టి, ఒక్క చిరునామాతో బతుకంతా నిర్ణయమైపోతుందన్నది అందులోని వాదన. రాబర్ట్ సాంప్సన్, విలియం జూలియస్ విల్సన్ 1995లో చెప్పిన మాట ఆ వ్యాసంలో మరువలేనిది: అమెరికాలోని 171 పెద్ద నగరాల్లో తెల్లవారు నల్లవారితో సమానమైన పరిస్థితుల్లో ఉంటున్న నగరం ఒక్కటీ లేదు, తెల్లవారు ఉండే అధ్వాన్నపు పేట కూడా నల్లవారి సగటు పేట కన్నా ఎంతో మెరుగు. ఇద్దరూ పేదవారే అయినా వారి పేదరికాలు వేరు. ఊరు, వాడ అన్న రెండు మాటలు పక్కపక్కన పలికే భాష మనది కాబట్టి ఈ సంగతి తెలుగువారికి వివరించనక్కర్లేదు. నీళ్ళు, గాలి, దారి, బడి, శ్మశానం, అన్నీ ఏ వైపు పుట్టామన్నదాన్నిబట్టి మారతాయని మన పెద్దలు అనుభవించి తెలుసుకున్నారు.

డెట్రాయిట్‌లో ఆ వాడను ఎలా కట్టారో తేదీలతో సహా చెప్పవచ్చు. 1925 సెప్టెంబరులో ఒస్సియన్ స్వీట్ అనే నల్లజాతి వైద్యుడు గార్లండ్ వీధిలో, తెల్లవారి పేటలో, ఇల్లు కొనుక్కుని భార్యతో సహా దిగాడు. రెండో రాత్రి వందలమంది గుమిగూడి రాళ్ళు రువ్వారు. లోపలినుంచి పేలిన తూటాకు ఒక మనిషి చనిపోయాడు. ఇంట్లో ఉన్న పదకొండు మందినీ హత్యానేరం కింద అరెస్టు చేశారు. క్లారెన్స్ డారో వాదించాక చివరకు ఎవరికీ శిక్ష పడలేదు; కానీ కొన్నేళ్ళలోనే స్వీట్ కూతురు, భార్య ఇద్దరూ క్షయతో చనిపోయారు. తన చేతులతో రోగులకు వైద్యం చేసే మనిషి ఇంట్లోనే ఈ మరణాలు జరిగాయి. నల్లజాతి చరిత్రకారులు ఈ కేసును హక్కుల పోరాటంగా రాస్తారు, అది సబబే. నాకు మాత్రం చదివినప్పుడల్లా ఆ రెండు క్షయ మరణాల దగ్గరే కళ్ళు ఆగిపోతాయి.

1930లలో ఫెడరల్ ప్రభుత్వపు గృహరుణ సంస్థ 200కు పైగా నగరాలకు మ్యాపులు గీసి, నల్లవారి పేటలకు ఎరుపు రంగు వేసి, రుణాలకు అపాయకరమైనవిగా గుర్తించింది. మరోపక్క నల్లవారికి అమ్మరాదంటూ ఇళ్ళ దస్తావేజుల్లోనే షరతులు రాసేవారు. వాటిని కోర్టుల ద్వారా అమలు చేయరాదని సుప్రీంకోర్టు 1948లో చెప్పింది. ఆ తీర్పులో కలిసి ఉన్న కేసుల్లో ఒకటి డెట్రాయిట్‌కు చెందిన మెక్‌గీ కుటుంబానిది. తర్వాత బ్లాక్ బాటమ్ అనే నల్లవారి పేటను నేలమట్టం చేశారు. దాని మీదుగా క్రైస్లర్ ఫ్రీవే వెళ్ళింది. ఇళ్ళ అమ్మకాల్లో వివక్షను నిషేధిస్తూ 1968లో చట్టం వచ్చింది. 1974లో మిల్లికెన్ కేసులో సుప్రీంకోర్టు, నగరపు బడుల్లోని విభజనను తొలగించే పథకంలోకి శివారు బడులను లాగనక్కర్లేదని 5–4 తేడాతో తీర్పు చెప్పింది. నగర సరిహద్దు దాటి వెళ్ళగలిగినవారు వెళ్ళారు. 1950లో 18 లక్షలు దాటిన డెట్రాయిట్ జనాభా 2020 నాటికి 6 లక్షల 39 వేలకు చేరింది. ఉన్నవారిలో నాలుగింట మూడు వంతులకు పైగా నల్లజాతీయులు.

ఈ కథలో మన వారికీ ఒక చోటుంది. ఓక్లాండ్ కౌంటీలోని ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్, నోవైలలో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. 2025 జూలైలో తానా మహాసభలు జరిగింది నోవైలోనే. కార్ల కంపెనీలో ఉద్యోగానికి వచ్చిన తెలుగు ఇంజనీరు, పిల్లల కోసం మంచి స్కూల్ డిస్ట్రిక్ట్ వెతుక్కుని ఇల్లు కొంటాడు. ఆ డిస్ట్రిక్ట్‌ను మంచిదిగా ఉంచిన గీత 1974 తీర్పులో ఉంది. 1965 వలస చట్టం మనవారికి అమెరికా తలుపు తెరిచేనాటికి, ఆ చట్టం వెనకున్న పౌరహక్కుల పోరాటం చేసినవారి పిల్లలకు శివార్ల తలుపులు ఇంకా సగం మూసే ఉన్నాయి. ఇల్లు కొనుక్కోవడంలో ఎవరి తప్పూ లేదు. అయితే డెట్రాయిట్ నల్లవారు తమ బతుకు తామే పాడుచేసుకున్నారన్న మాట మన విందు భోజనాల్లో వినిపించినప్పుడు, ఆ గోడను, ఆ ఎర్ర మ్యాపును, ఆ తీర్పును తెలిసినవారు నోరు విప్పాలని నా మనవి.

పేట మారితే ఆరోగ్యం మారుతుందా అన్నదానికి ఒక ప్రయోగమే జరిగింది. 1994–98 మధ్య బాల్టిమోర్, బోస్టన్, షికాగో, లాస్ ఏంజెలిస్, న్యూయార్క్ నగరాల్లో ప్రభుత్వ గృహాల్లో ఉంటున్న పేద కుటుంబాలను లాటరీ ద్వారా ఎంచి, కొందరికి పేదరికం తక్కువున్న పేటలకు మారడానికి మాత్రమే పనికొచ్చే అద్దె సహాయం ఇచ్చారు. పదేళ్ళు దాటాక సుమారు 4,500 మంది స్త్రీలను పరిశీలిస్తే, ఆ అవకాశం వచ్చినవారిలో తీవ్ర స్థూలకాయం, మధుమేహం తక్కువగా ఉన్నాయి. వారికి ఎవరూ మందు ఇవ్వలేదు, వ్యాయామం నేర్పలేదు.

ఈ పరిశోధనలకు అభ్యంతరాలు లేకపోలేదు. అనారోగ్యంతో, కుంగుబాటుతో ఉన్న మనిషికి అన్నిటిలోనూ అవమానమే కనిపిస్తుందేమో, అంటే కారణం అనుకుంటున్నదే ఫలితమేమో అన్నది వాటిలో ముఖ్యమైనది. ఇది న్యాయమైన ప్రశ్న. ముందు వివక్ష గురించి అడిగి, ఏళ్ళ తర్వాత ఆరోగ్యాన్ని చూసే అధ్యయనాలు దీనికి కొంత జవాబిచ్చాయి. ఇంకా బలమైన జవాబు, మనిషి అభిప్రాయంతో పనిలేని కారణాలను చూసిన పరిశోధనల నుంచి వచ్చింది. 2018లో జేకబ్ బోర్, అతీందర్ వెంకటరమణి, విలియమ్స్, అలెగ్జాండర్ సాయ్ కలిసి, ఆయుధం లేని నల్లజాతీయుడిని పోలీసులు చంపిన ప్రతి ఘటన తర్వాతి మూడు నెలల్లో అదే రాష్ట్రంలోని మిగతా నల్లవారి మానసిక ఆరోగ్యం క్షీణించిందని చూపారు. తెల్లవారిలో ఆ మార్పు కనిపించలేదు. చనిపోయినవారు వీరికి బంధువులు కారు, పరిచయస్తులు కారు. 2020 ఏప్రిల్ తొలివారాల్లో కోవిడ్ మరణాలను జాతివారీగా ప్రకటించిన తొలి రాష్ట్రాల్లో మిషిగన్ ఒకటి: జనాభాలో 14 శాతం ఉన్న నల్లవారు మరణాల్లో దాదాపు 40 శాతం ఉన్నారు. ఆ ఏడాది చివరే మిషిగన్ విశ్వవిద్యాలయం వైద్యులు, వేలికి తగిలించే ఆక్సిమీటరు నల్లని చర్మం మీద తప్పు చూపుతోందని, ఆక్సిజన్ పడిపోయిన సంగతి నల్లవారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు పట్టుకోలేకపోతోందని తేల్చారు. పరికరానికి ద్వేషం ఉండదు. దాన్ని ఎవరి వేళ్ళ మీద పరీక్షించి బజారులోకి వదిలారన్నదే అక్కడి విషయం.

మన దేశంలో ఇలాంటి లెక్కలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. సంగీతా వ్యాస్, పాయల్ హాతి, ఆశిష్ గుప్తా 2022లో తొమ్మిది ఉత్తరాది, తూర్పు రాష్ట్రాల సమాచారంతో చేసిన పరిశోధనలో, అగ్రకులాల హిందువులకన్నా ఆదివాసులు నాలుగేళ్ళకు పైగా, దళితులు మూడేళ్ళకు పైగా తక్కువ బతుకుతున్నారని తేలింది. ఆస్తిపాస్తుల తేడా ఇందులో సగంకన్నా తక్కువే వివరించగలిగింది. ఆ తొమ్మిదింటిలో తెలుగు రాష్ట్రాలు లేవు. ఆసుపత్రి ఓపీలో, రేషన్ దుకాణంలో, అద్దె ఇల్లు వెతుక్కునేచోట ఎదురయ్యే చిన్నచూపును రక్తపోటు పక్కన పెట్టి కొలిచే సర్వే ఒకటి మన జిల్లాల్లో జరగాలి. తొమ్మిది ప్రశ్నలూ మనకు అలాగే సరిపోవు, మన అవమానాలకు మన మాటలు కావాలి. కానీ జరిగినదాన్ని ముందు అడిగి కారణాన్ని తర్వాత అడగాలన్న వరస ఇక్కడా పనికొస్తుంది.

అమెరికాలో ఈ రంగం ఇప్పుడు గడ్డుకాలంలో ఉంది. 2025లో జాతీయ ఆరోగ్య సంస్థలు జాతి అసమానతలపై పరిశోధనలు సహా వందల గ్రాంట్లు రద్దు చేశాయి. జూన్‌లో బోస్టన్ ఫెడరల్ న్యాయమూర్తి విలియం యంగ్ ఆ రద్దులు చట్టవిరుద్ధమన్నారు. ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రభుత్వానికి ఎక్కువ మేర వెసులుబాటు ఇచ్చింది. ఒకే మనుషులను ఇరవై, ముప్పై ఏళ్ళు వెంటాడి చూసే పరిశోధనలో రెండేళ్ళ ఖాళీ పడితే దాన్ని మళ్ళీ పూడ్చలేరు. ఆ రెండేళ్ళలో పోయినవారిని ఇక ఎవరూ ప్రశ్నలు అడగలేరు.

ఇంత చెప్పాక, మార్గం ఏమిటని అడిగేవారికి విలియమ్స్ ఇచ్చే జవాబు చాలా ఏళ్ళుగా మారలేదు: ఇల్లు, బడి, ఆదాయం మార్చే విధానాలే ఆరోగ్య విధానాలు. డెట్రాయిట్‌కు గంట దూరంలో, సగానికి పైగా నల్లజాతీయులున్న ఫ్లింట్‌లో, ఆ మాటను అక్షరాలా పాటించే పని ఒకటి జరుగుతోంది. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించడానికి నగరపు నీటిని ఫ్లింట్ నదికి మార్చి, జనాన్ని సీసం కలిసిన నీటి పాలుచేసిన నగరం అది. పిల్లల రక్తంలో సీసం పెరిగిందని 2015 సెప్టెంబరులో బయటపెట్టిన పిల్లల వైద్యురాలు మోనా హన్నా, మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన ల్యూక్ షేఫర్‌తో కలిసి 2024 జనవరిలో ఆర్ఎక్స్ కిడ్స్ పథకం మొదలుపెట్టారు. గర్భంతో ఉన్నప్పుడు 1,500 డాలర్లు, బిడ్డ పుట్టాక ఏడాదిపాటు నెలకు 500 డాలర్లు. గర్భవతి అయి ఉండాలి, ఫ్లింట్‌లో ఉంటూ ఉండాలి. జీతం ఎంతో అడగరు, జాతి ఏదో అడగరు. అడిగేది చిరునామా ఒక్కటే.